ముఖం కడుక్కున్న రోజు

“నువ్వు ఆడు శరభయ్యా. నీ పొయ్యి ఆరకుండా చూసే పూచీ ఊరిది.”

ఈ మాట ముందుగా చెవిలో వేసుకో బంగారుతల్లీ. కథ ఆ తర్వాత. తలగడ సర్దుకో, దుప్పటి మెడదాకా లాక్కో. ఆటకి డబ్బులడగడం తప్పా అమ్మమ్మా అని పొద్దున అడిగావు గదా. అప్పుడు నా చేతులనిండా పిండి ఉంది, జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెబుతా, విను.

అనగనగా, ఏటి ఒడ్డున ఒక ఊరుండేది. దాని పేరు పిచ్చుకలగరువు. ఆ ఊళ్ళో పిచ్చుకలు ఎక్కువ, గింజలు అంతకన్నా ఎక్కువ. కళ్ళాల్లో ధాన్యం రాశులు పోస్తే అవతలి గట్టు కనిపించేది కాదట.

ఆ ఊరి చివర తాటాకు గుడిసెలో శరభయ్య ఉండేవాడు. అతని పెళ్ళాం నీలమ్మ, వాళ్ళ పిల్ల ముత్యాలు. అసలు కథ జరిగిన ఏడు ముత్యాలుకి నీ వయసే, ఏడేళ్ళు. నీలాగే ముందు పళ్ళు రెండూ లేవు.

శరభయ్య పగటివేషాలు కట్టేవాడు. నాటకమైతే తెర ఉంటుంది, దీపాలుంటాయి. పగటివేషానికి అవేమీ ఉండవు. పట్టపగలు, ఎండలో, నీ గుమ్మం ముందు, నువ్వు చెయ్యి చాపితే తగిలేంత దగ్గరలో నిలబడి వేరే మనిషైపోవాలి. ముఖానికి అరదళం రంగు పూసుకుంటే పచ్చని దేవుడు. బుగ్గన కాటుక చుక్క పెట్టుకుంటే గొల్లభామ. నెత్తిన ఈకల టోపీ పెట్టుకుంటే పిట్టలదొర.

ఒక ఏడు ఇల్లు కాలినవాడి వేషం కట్టాడు. ఒంటినిండా బూడిద పూసుకుని, “అయ్యో, నా కొంప అంటుకుంది బాబోయ్!” అని వీధిలో పరుగెత్తాడు. ఊరు ఊరంతా బిందెలు పట్టుకుని వెనకే ఉరికింది. తీరా ఏటి గట్టు చేరాక చూస్తే గుడిసె నిక్షేపంగా ఉంది, గుమ్మంలో నీలమ్మ చేటతో బియ్యం చెరుగుతోంది. అప్పుడు శరభయ్య వెనక్కి తిరిగి దండం పెట్టాడు. ఊరు నవ్వలేక చచ్చింది. ఆ బిందెల నీళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు పోసుకుని ఇళ్ళకి పోయారు.

అంత బాగా కట్టేవాడు. ఆ బాగా కట్టడమే చివరికి అతని కొంప ముంచింది. తొందరపడకు, చెబుతున్నాగా.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉండేది. ఏటా మాఘమాసంలో, గింజలు ఇల్లు చేరాక, శరభయ్య పది రోజులు పది వేషాలు కట్టేవాడు. ఆ పది రోజులూ పైసా అడిగేవాడు కాదు. పదకొండో రోజు పొద్దున్నే ఏట్లో దిగేవాడు. కొబ్బరినూనె రాసి, సున్నిపిండితో రుద్ది, చెవి వెనక రంగు కూడా పోయేదాకా ముఖం కడుక్కునేవాడు. తెల్లపంచె కట్టుకుని ఇంటింటికీ వచ్చేవాడు.

“అమ్మా, నేను శరభయ్యని. పది రోజులు మీ గుమ్మంలో ఆడాను. మీకు తోచింది పెట్టండి.”

అప్పుడు ఎవరి చేతికి వచ్చింది వాళ్ళు పెట్టేవారు. ఒకరు మానెడు వడ్లు, ఒకరు పాత పంచె, ఒకరు గుమ్మడికాయ. ఆ రోజుకి ముఖం రోజు అని పేరు. “అరే, శరభయ్యకి కనుబొమ మీద గాటు ఉందే!” అని పిల్లలు వింతగా చూసేవాళ్ళు. ముసలమ్మలు, “చిక్కిపోయావేంరా?” అనేవాళ్ళు.

అది అతని తండ్రి పెట్టిన కట్టు. “వేషంలో ఉండి చెయ్యి చాపకురా. చాపితే దేవుడికిస్తారు, దొరకిస్తారు. నీకివ్వరు. నీ ముఖంతో అడుగు, నీది నువ్వు తెచ్చుకో” అని ఆయన చెప్పి పోయాడు.

అలా చాలా ఏళ్ళు గడిచాయి. అప్పుడు ఒక ముఖం రోజున శరభయ్య బట్టలుతికే లచ్చమ్మ ఇంటికి వెళ్ళాడు. తలుపు మూసి ఉంది. లోపల అలికిడి లేదు. కానీ తలుపు కింద చీర చెంగు కనిపిస్తోంది. ఆ ఏడు లచ్చమ్మ మొగుడు పోయాడు. ఇంట్లో గింజ లేదు. పెట్టడానికేమీ లేక తలుపు వెనక దాక్కుంది.

 శరభయ్య చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చేశాడు. నా ఆట చూసినందుకు ఒక ఆడమనిషి దాక్కోవాల్సి వచ్చిందా అని ఆ రోజంతా అన్నం ముద్ద దిగలేదు.

ఆ సాయంత్రమే పెదకాపు కొండలరాయుడు రచ్చబండ దగ్గర ఊరందరినీ పిలిచాడు. రాయుడుకి మీసం పెద్దది, గొంతు అంతకన్నా పెద్దది. మాటకి ముందు ఒకసారి దగ్గుతాడు, మాట తర్వాత చేతికర్ర నేలకి తాటిస్తాడు.

“ఏరా శరభయ్యా, సరస్వతీదేవిని గంపలో పెట్టుకుని ఇంటింటికీ అమ్ముతావా?” అన్నాడు. “గాలికి వెల ఉందా? వెన్నెలకి వెల ఉందా? కళ ప్రజల సొత్తు! పేదాళ్ళు నీకు పెట్టలేక సిగ్గుతో చచ్చిపోతున్నారు. ఈ ముఖం రోజు ఎత్తేద్దాం.”

ఊరు చప్పట్లు కొట్టింది. కళ ప్రజల సొత్తేనమ్మా, కాదనను. ఆ కళ కట్టేవాడు ఎవరి సొత్తు అని మాత్రం ఆ చప్పట్లలో ఒక్కరూ అడగలేదు.

శరభయ్యకి తలుపు కింది చీర చెంగు గుర్తొచ్చింది. నిజమే గదా అనుకున్నాడు. “మరి మా తిండి బాబయ్యా?” అని మెల్లిగా అడిగాడు.

రాయుడు దగ్గాడు. “నువ్వు ఆడు శరభయ్యా. నీ పొయ్యి ఆరకుండా చూసే పూచీ ఊరిది. నీకు తిండి కావాలన్నా, నీ బిడ్డకి మందు కావాలన్నా, అడగడమే ఆలస్యం. పొరుగూళ్ళకి మాత్రం పోకు. నువ్వు మా ఊరి పరువు.” చేతికర్ర నేలకి తాటించాడు.

శరభయ్య ఇంటికొచ్చి సంబరంగా చెప్పాడు. నీలమ్మ చేట కింద పెట్టింది.

“గాలికి వెల లేదు, నిజమే. గాలికి ఆకలి కూడా లేదు మావా” అంది.

“మాటిచ్చారే నీలీ, ఊరంతా ఉండగా!”

“ఊరంతా ఇచ్చిన మాట ఎవరింటికెళ్ళి అడుగుతావు? ముందు గింజ, తరవాత గజ్జె. మా అమ్మ అలాగే చెప్పేది.”

“ఛ, లచ్చమ్మ ముఖం చూసి మాట్లాడు” అన్నాడు శరభయ్య. నీలమ్మ మళ్ళీ చేట అందుకుంది.

మొదటి ఏడు రాయుడి కొడుకు పెళ్ళి వచ్చింది. శరభయ్య అర్ధనారీశ్వరుడి వేషం కట్టాడు. సగం శివుడు, సగం పార్వతి. సగం ముఖానికి గుడ్డ అడ్డం పట్టుకుని ఇటు తిరిగితే గంభీరం, అటు తిరిగితే సిగ్గు. పెళ్ళివారు పెళ్ళికూతుర్ని చూడ్డం మానేసి అతన్ని చూశారు. అయిదు రోజుల పెళ్ళి, అయిదు రోజులూ ఆట. ఆరో రోజు రాయుడు రెండు గంపల వడ్లు పంపాడు. సగం తాలు. “ఇదేమిటయ్యా?” అని నీలమ్మ గంపలు తెచ్చిన మనిషిని నిలదీస్తే, “మీ ఇంటి పెళ్ళి లాంటిదే గదమ్మా, ఇంటి పెళ్ళికి కూలి అడుగుతారా?” అని చక్కా పోయాడు.

రెండో ఏడు ఊరికి తాసీల్దారు వచ్చాడు. శరభయ్య పిట్టలదొర వేషం కట్టాడు. తాసీల్దారు కుర్చీలోంచి జారిపోయేంతగా నవ్వాడు. ఆ నవ్వులో ఊరికి కాలవ మంజూరైంది. అప్పుడు రాయుడు శరభయ్య భుజం తట్టి, “జిల్లా అంతా నీ పేరేరా! ఇంతకన్నా ఏం కావాలి?” అన్నాడు. ఆ ఏడు గంప రాలేదు. పేరు వచ్చింది.

“పేరు తెచ్చాను నీలీ” అన్నాడు శరభయ్య.

“తెచ్చావు సరే. ఏ కుండలో వండమంటావు? ఎన్ని నీళ్ళు పొయ్యమంటావు?”

ముత్యాలు పకపకా నవ్వింది. శరభయ్య కూడా నవ్వాడు. ఆ పూట గంజి తాగి పడుకున్నారు.

మూడో ఏడు ఊళ్ళో కుర్రాళ్ళు సంఘం పెట్టారు. లావుపాటి పుస్తకాలు చదివే కుర్రాళ్ళు. ఎర్రరంగుతో గోడలనిండా రాశారు. దున్నేవాడిదే భూమి! కళ కళ కోసం కాదు, కళ ప్రజల కోసం! మంచి కుర్రాళ్ళే తల్లీ. చెడ్డవాళ్ళ మీద కోపం రెండు రోజులుంటుంది. వీళ్ళ మీద కోపం ఇంకా పోలేదు.

వాళ్ళ నాయకుడు భాస్కరం గుడిసెకి వచ్చి, “శ్రమజీవుల పక్షాన నిలబడాలి శరభయ్యా” అన్నాడు. శరభయ్య నిలబడ్డాడు. మూడు రోజులు పాలేరు వేషం కట్టి, కూలి ఎగ్గొట్టిన ఆసామిని వీధి వీధినా కడిగేశాడు. జనం పిడికిళ్ళెత్తారు. ఆడినవాడికి ఆ రోజు కూలి ఇవ్వాలని పిడికిలెత్తిన ఒక్కడికీ తోచలేదు.

నీలమ్మ ఉండబట్టలేక, “బాబూ, మాకేమైనా...” అంది.

“రేపటి సమాజంలో ఆకలే ఉండదమ్మా!” అన్నాడు భాస్కరం.

“రేపటి సంగతి సరే బాబూ. ఇవాళ్టి కూర సంగతి?”

ఆ మాట భలే ఉందని భాస్కరం జేబులోంచి పుస్తకం తీసి రాసుకున్నాడు. మర్నాడు అది కూడా గోడ మీదికి ఎక్కింది.

నవ్వకు తల్లీ. ఇక్కడినుంచి నవ్వు లేదు.

ఆ మాఘమాసంలోనే ముత్యాలుకి జ్వరం తగిలింది. తిన్నది తక్కువ, జ్వరం ఎక్కువ. మొదటి రోజు కాళ్ళు లాగుతున్నాయంది. రెండో రోజు మాట తగ్గింది. మూడో రోజు తెల్లవారేసరికి పిల్ల ఒళ్ళు పెనంలా కాలుతోంది. ఏటి అవతల పెద్దూళ్ళో ఒక వైద్యుడున్నాడు. ఏరు దాటి అయిదు కోసులు, అంటే పది మైళ్ళ దూరం. ఎండలో భుజాన వేసుకుని నడిస్తే పిల్ల తట్టుకుంటుందో లేదోనని నీలమ్మ భయపడింది. బండి ఉంటే గడ్డి పరిచి, గుడ్డ కప్పి, పొద్దెక్కేలోపల చేర్చొచ్చు.

“బండి అడిగొస్తా” అన్నాడు శరభయ్య. “మాటుంది గదా.”

అతను వేషం కట్టలేదు. తండ్రి చెప్పిన కట్టు ప్రకారం ఏట్లో ముఖం కడుక్కున్నాడు. తెల్లపంచె కట్టుకున్నాడు. తన ముఖంతో బయలుదేరాడు.

ఒక్క సంగతి అతను మరిచిపోయాడు. ముఖం రోజు ఎత్తేసి మూడేళ్ళయింది. మూడేళ్ళుగా ఊరు అతని వేషాలే చూసింది. రంగు లేని ఆ ముఖాన్ని ఎవరూ పట్టి చూడలేదు. చూడాల్సిన పని పడలేదు.

మొదట సంఘం గదికి వెళ్ళాడు. అది దగ్గర. “బాబూ, నా బిడ్డ చచ్చిపోయేలా ఉంది. ఒక బండి ఇప్పించండి” అన్నాడు. కళ్ళ నీళ్ళు కారాయి.

భాస్కరం చదువుతున్న పుస్తకం మూసి లేచి నిలబడ్డాడు. “చూశారా! ఇదీ పీడితుడంటే! రంగు లేదు, గజ్జె లేదు, ఒట్టి పంచె. శరభయ్యా, నీ వేషాలన్నిటికీ తలమానికం ఇది!” కుర్రాళ్ళందరూ చప్పట్లు కొట్టారు.

“వేషం కాదు బాబూ, ఒట్టు.”

“ఆ ఒట్టు వేసే తీరు చూడండ్రా!” అని మళ్ళీ కొట్టారు.

ఆ తర్వాత కళ్ళానికి పరుగెత్తాడు. రాయుడు ధాన్యం రాశి పక్కన నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. ఎడ్లు కట్టిన బండి అక్కడే ఉంది. శరభయ్య రాయుడి కాళ్ళ మీద పడ్డాడు.

“బాబయ్యా, బిడ్డకి జ్వరం. ఆ బండి ఒక్క పూట.”

రాయుడు దగ్గి, పక్కవాళ్ళని చూసి కన్ను కొట్టాడు. “ఇల్లు కాలిందన్నాడు అప్పుడు. బిందెలు మోయించాడు మనచేత. ఇప్పుడు పిల్లకి జబ్బంటున్నాడు, బండి తోలిస్తాడు. ఏరా, ఆ కన్నీళ్ళు ఉల్లిపాయా, మిరపకాయా?”

కూలీలు పడీ పడీ నవ్వారు. ఒకడైతే, “మామా, ఇంకోసారి కాళ్ళ మీద పడవా, మా ఆవిడ చూళ్ళేదు!” అన్నాడు.

శరభయ్య లేచి నిలబడ్డాడు. తన ముఖాన్ని తనే తడుముకున్నాడు. రంగేమైనా మిగిలిందా అని వేళ్ళు చూసుకున్నాడు. వేళ్ళకి తడి తప్ప ఏమీ లేదు.

అప్పటికి పొద్దు నడినెత్తికి వచ్చింది.

ఇంటికి పరుగెత్తుకొచ్చాడు. “బండేదీ?” అంది నీలమ్మ.  అతను వేషాల పెట్టె తెరిచాడు. ఈ ముఖం వాళ్ళకి తెలీదు, తెలిసిన ముఖంతోనే అడుగుతా అనుకున్నాడు. తండ్రి పెట్టిన కట్టు తెంచేశాడు. పెద్ద మీసం అంటించుకున్నాడు, తలపాగా చుట్టాడు, చేతికర్ర పట్టాడు. క్షణంలో కొండలరాయుడైపోయాడు. పిల్ల కళ్ళు తెరిచి చూసి జడుసుకుంది.

“నేనేనమ్మా” అన్నాడు. కానీ ఆ గొంతు కూడా రాయుడిదే.

రచ్చబండ ఎక్కాడు. జనం పోగయ్యారు. రాయుడు కూడా కళ్ళంలోంచి వచ్చాడు. శరభయ్య ఒకసారి దగ్గాడు. అచ్చం రాయుడి దగ్గే.

“నువ్వు ఆడు శరభయ్యా! నీ పొయ్యి ఆరకుండా చూసే పూచీ ఊరిది! నీ బిడ్డకి మందు కావాలన్నా, అడగడమే ఆలస్యం!” చేతికర్ర నేలకి తాటించాడు. “ఎవరురా ఈ మాట అన్నది? నేనేగా? మూడేళ్ళయింది. వాడి పొయ్యి ఆరింది. వాడి బిడ్డ ఆరిపోతోంది. బండేదిరా? నా మాటేదిరా? నా సిగ్గేదిరా?”

శరభయ్య జనం ముఖాలకేసి చూశాడు.  ఇప్పుడు అర్థమవుతుంది అనుకున్నాడు.

అప్పుడు రాయుడు నవ్వడం మొదలుపెట్టాడు. పొట్ట పట్టుకుని, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. “ఓరి నీ... నన్నే దించేశావురా! ఆ దగ్గు! ఆ కర్ర!” రాయుడు నవ్వాడు గనక ఊరంతా ధైర్యంగా నవ్వింది. చప్పట్లకి పిచ్చుకలన్నీ లేచిపోయాయి.

రాయుడు ఇంటికి మనిషిని పంపి జరీ అంచు శాలువా తెప్పించాడు. రచ్చబండ ఎక్కి తన చేతులతో తన వేషానికే కప్పాడు. “ఇంతటి కళాకారుడు మా ఊళ్ళో ఉండడం మా అదృష్టం” అన్నాడు. భాస్కరం కూడా ఉపన్యాసం చెప్పాడు. అది కొంచెం పొడుగైంది.

ఆ శాలువాతోనే శరభయ్య గుడిసెకి వచ్చాడు. పొద్దు వాలుతోంది. ఇక అడగలేదు, ఆలోచించలేదు. పిల్లని శాలువాలో చుట్టి భుజాన వేసుకున్నాడు. నీలమ్మ వెనకే నడిచింది. ఇద్దరూ ఏట్లో దిగారు.

ఏటి మధ్యకి వచ్చేసరికి అతని మెడకి తగులుతున్న ముత్యాలు ఊపిరి ఆగింది. అతనికి ముందు తెలియలేదు. నీలమ్మకి తెలిసింది. “మావా, ఆగు” అంది. నీళ్ళు మోకాళ్ళ దాకా పారుతున్నాయి. అక్కడే నిలబడిపోయారు.

వినవే తల్లీ, ఒక్క మాట. ఆ ఊరు మాటివ్వకపోయినా బాగుండేది. మాటే లేకపోతే శరభయ్య బండి కోసం తిరిగేవాడు కాదు. తెల్లవారగానే పిల్లని భుజాన వేసుకుని నడిచేవాడు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి వైద్యుడి గుమ్మంలో ఉండేవాడు. బతికేదో లేదో నాకు తెలీదు. చేరేది మాత్రం.

శరభయ్య ఏట్లో ముఖం కడుక్కున్నాడు. మీసం ఊడి నీళ్ళలో పోయింది. తలపాగా పోయింది. ఆ తర్వాత వెనక్కి తిరిగి, శాలువాలో పిల్లతో, పెద్దవీధి గుండా వచ్చాడు. నీలమ్మ పక్కన ఉంది. ఆమె ఏడవలేదు.

ఇంకా వెలుతురుంది. జనం అరుగుల మీదే ఉన్నారు, ఆ మధ్యాహ్నం వేషం గురించే చెప్పుకుంటున్నారు. వీళ్ళని చూడగానే లేచి నిలబడ్డారు. “ఇంకా ఉందిరోయ్!” అని ఎవరో అరిచారు. చప్పట్లు మొదలయ్యాయి. “చూడు, చూడు, పిల్ల ఎంత బాగా చేస్తోందో! కదలట్లేదు!” అంది ఒకావిడ, తన బిడ్డని ఎత్తి చూపిస్తూ.

శరభయ్య నడిచాడు. చప్పట్లు వెంట నడిచాయి.

అప్పుడు లచ్చమ్మ బట్టల మూటతో ఎదురొచ్చింది. ఆగి శరభయ్య ముఖం చూసింది. కనుబొమ మీద గాటు చూసింది. మూట కింద పడేసింది. శాలువాలోంచి వేలాడుతున్న పిల్ల పాదం పట్టుకుంది.

“చల్లగా ఉందర్రా” అంది. “ఓరి దేవుడా, ఇది ముఖమే. ఇది శరభయ్య ముఖమే.”

చప్పట్లు ఒక్కొక్కటే ఆగాయి. చివరగా ఆగింది రాయుడి చెయ్యి.

లచ్చమ్మ నేల మీద కూలబడింది. “ఆ రోజు నేను తలుపు వెనక దాక్కోకుండా ఉండాల్సింది అన్నా. గుప్పెడు ఉప్పైనా నీ చేతిలో వెయ్యాల్సింది. నాలాంటివాళ్ళ కోసమని గదా ముఖం రోజు ఎత్తేశారు. ఏటా నీ ముఖం చూస్తే నా కళ్ళకి గుర్తుండేది. పొద్దున నువ్వు వీధిలో పరుగెత్తుతుంటే చూసి నేనూ వేషమనుకున్నా, అప్పుడే గుర్తుపట్టేదాన్ని.”

రాయుడు ముందుకొచ్చాడు. దగ్గబోయి ఆగాడు. “శరభయ్యా, మేం వేషమనుకున్నాం...”

“బండి అడిగినప్పుడు వేషమనుకున్నారు బాబయ్యా. మాటిచ్చినప్పుడు ఏమనుకున్నారు?” అన్నాడు శరభయ్య. గొంతు పెంచలేదు. “ఊరంతటినీ ఒకటే అడుగుతున్నా. ఆడేవాడి పొయ్యి ఎవరి పూచీ? ఏరువాక పున్నమి లోగా జవాబు చెప్పండి. మళ్ళీ మీరు నాగలి కట్టే లోపల చెప్పండి. నేను ముఖం కడుక్కునే వస్తా.”

ఆ శాలువా పిల్లకి సరిగ్గా సరిపోయింది. దాంట్లోనే పూడ్చారు.

ఏరువాక పున్నమి వచ్చింది. ఊళ్ళో ఎడ్లకి కొమ్ములు కడిగి రంగులు పూశారు, మెడలో గంటలు కట్టారు. శరభయ్య, నీలమ్మ రచ్చబండ దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఉత్త ముఖాలతో నిలబడ్డారు. రాయుడు తల వంచుకుని నాగలి వెనక పోయాడు. ఊరు తల వంచుకుని రాయుడి వెనక పోయింది. భాస్కరం గోడ మీద రాయడానికి రంగు కలిపాడు గానీ, ఏం రాయాలో తెలియక అలాగే ఎండబెట్టాడు. లచ్చమ్మ ఒక్కతే వచ్చి మానెడు వడ్లు పెట్టింది. అవి ఆమె తిండి గింజలు. తీసుకుంటే ఆమె పస్తు, తీసుకోకపోతే ఆమెకి అవమానం. నీలమ్మ కొంగు పట్టింది. సగం పోయించుకుని సగం తిరిగి పోసింది.

మధ్యాహ్నం దాకా చూశారు. ఆ తర్వాత శరభయ్య అరదళం, కాటుక, గజ్జెలు అన్నీ ఏట్లో వదిలేశాడు. ఇద్దరూ ఏరు దాటి వెళ్ళిపోయారు. దారిలో ఏ ఆటగాడు ఎదురొచ్చినా నీలమ్మ ఆపి అదే మాట చెప్పేదట. ముందు గింజ, తరవాత గజ్జె. కొందరు విన్నారు. చాలామంది చప్పట్లకే పోయారు.

మరి ఊరు మారిందా అంటావు. ముఖం రోజు మళ్ళీ పెట్టలేదు. ఇప్పటికీ ఉత్సవానికి ఎవరినో ఒకరిని పిలుస్తారు, పేరొస్తుందంటారు, ఇది మన ఊరి పనేగా అంటారు, రేపు చూద్దామంటారు. ఆటయ్యాక ఒక శాలువా కప్పుతారు. ఆ శాలువా చూసినప్పుడల్లా నాకు అది ఎంత పొడుగుందో కొలవాలనిపిస్తుంది.

ఏమిటీ? జవాబు ఎవరు చెప్పాలా? చూసి నవ్వినవాళ్ళందరూ చెప్పాలి తల్లీ. నువ్వూ నేనూ కూడా. శరభయ్య పెట్టిన గడువు అదే, ఏటా అదే, మార్చలేదు. కళ్ళు మూసుకో. మూసుకున్నా జవాబు వెతుకు.

కథ వెళ్ళింది కంచికి,
మనం చేరాం మంచానికి,
మాట మిగిలింది ఊరికి,
జవాబు రావాలి ఏరువాక పున్నమికి.